ఇబ్రహీం రైసీ చేసింది ప్రాసిక్యూటర్ డ్యూటీనా, నేరమా?

కృష్ణలంక_వకీలు: 2024 మేలో హెలికాప్టర్ కూలి ఇరాన్ అధ్యక్షుడు రైసీ పోయినప్పుడు మన దేశం కూడా ఒకరోజు సంతాపం పాటించింది. ఇరవై ఏళ్లకే కరాజ్‌లో ప్రాసిక్యూటర్, తర్వాత హమదాన్, తెహ్రాన్, 2014లో దేశం మొత్తానికి ప్రాసిక్యూటర్ జనరల్, 2021లో అధ్యక్షుడు. ఇంత ఉంటే ఎవర్ని కదిపినా 1988లో ఇరాన్ జైళ్లలో రాజకీయ ఖైదీల్ని మూకుమ్మడిగా ఉరితీసిన సంగతే అంటారు. శిక్ష వేసేది జడ్జి, పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) కాదు. ఇరవై ఏళ్లుగా కోర్టులో చూస్తున్నా.

పసుపుకొమ్ము: అక్కడ మతపెద్దల పాలనండీ, మన కోర్టు లెక్క కాదు. అప్పటి సుప్రీం లీడర్ ఖొమేనీ ఇచ్చిన ఉరి ఫత్వాలో ఉన్నది ముగ్గురు, షరియా జడ్జి, ప్రాసిక్యూటర్, ఇంటెలిజెన్స్ మనిషి, మెజారిటీ ఎటుంటే అదే తీర్పు. మరి శిక్ష వేసింది ఎవరు? లోపలున్నది అప్పటికే శిక్ష పడి జైలు అనుభవిస్తున్నవాళ్లు. కళ్లకి గంతలు కట్టి వరండాలో కూర్చోబెట్టి, ఒక్కొక్కర్నీ పిలిచి నీది ఏ సంస్థ అని అడిగేవాళ్లు. ప్రభుత్వాన్ని ఎదిరించే ముజాహిదీన్ సంస్థ అంటే ఉరి. మునాఫిఖీన్, అంటే కపటులు, అని తన వాళ్లని తనే తిట్టుకుంటే ఇంకో ప్రశ్న.

దుబాయ్_శీను: ముజాహిదీన్ ఇరాక్ నుంచి దండెత్తి వచ్చారు, అది కూడా రాయండి

పసుపుకొమ్ము: వచ్చారు. జైల్లో ఉన్నోళ్లు ఎలా వస్తారు?

కృష్ణలంక_వకీలు: ఫత్వాలో ఉన్న పేరు ఎష్రాఖీ, ప్రాసిక్యూటర్ ఆయన. రైసీ డిప్యూటీ. వయసు 27.

గోదారిగట్టు: డిప్యూటీ అయితే పాపం అంటదా అండీ

పసుపుకొమ్ము: 1988 ఆగస్టు 15న మోంతజెరీ పిలిపించి మొహం మీద తిట్టిన నలుగురిలో మీ డిప్యూటీ ఉన్నాడు. ఆ టేపు 2016లో ఆయన కొడుకు బయటపెట్టాడు. ఖొమేనీ వారసుడు కావాల్సిన మోంతజెరీకి ఏడాది తిరక్కుండా పదవి పోయింది, రైసీ తెహ్రాన్ ప్రాసిక్యూటర్ అయ్యాడు. 2021లో విలేకరులు అడిగితే, ప్రజల భద్రత కాపాడిన ప్రాసిక్యూటర్‌ని మెచ్చుకోవాలన్నాడు!

కృష్ణలంక_వకీలు: మీకేం తెలుసండీ? మా నాన్నని గట్టు తగాదాలో గొడ్డలితో నరికారు. పదకొండేళ్లు వాయిదాలు. పీపీ ఫైలు కట్ట తాడు కూడా విప్పకుండా వచ్చేవాడు, సాక్షులు ఎదురు తిరిగారు, కేసు కొట్టేశారు. నరికినోడు మా వీధి అరుగు మీదే చుట్ట కాలుస్తూ కూర్చుంటాడు. గట్టి ప్రాసిక్యూటర్ కావాలనుకోవడం తప్పా?

గోదారిగట్టు: అయ్యో

పసుపుకొమ్ము: తప్పు కాదండీ, ఈ మాట మొదటే చెప్పుంటే నేను ఇంత గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. కానీ మీ పీపీ ఫైలు విప్పలేదు, అక్కడ విప్పడానికి ఫైలే లేదు, నిమిషాల్లో అయిపోయేది, మీలాంటి వకీలుని గుమ్మం దగ్గరికి కూడా రానివ్వలేదు. తర్వాత ఇళ్లవాళ్ల చేతికి బట్టల సంచి ఇచ్చి పంపారు, ఎక్కడ పూడ్చారో చెప్పలేదు. తెహ్రాన్ పక్కన ఖావరాన్ శ్మశానంలో తల్లులు ఉత్త మట్టి మీద పూలు పెట్టొచ్చేవాళ్లు. ఎమర్జెన్సీలో మా పెదనాన్నని ముషీరాబాద్ జైల్లో పెడితే మా నానమ్మ కారియర్ పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. మనిషి తిరిగొచ్చాడు కాబట్టి ఈరోజు చెప్పుకుంటున్నాం.

కృష్ణలంక_వకీలు: రైసీ డిప్యూటీయే, ఆ మాట మీదే ఉంటా. వకీలు లేనిది కోర్టు కాదు, అది ఒప్పుకుంటా. మా నాన్నని మాత్రం ఇందులోకి లాగకండి.

పసుపుకొమ్ము: లాగనండీ. హైకోర్టుకి వెళ్లారా?

కృష్ణలంక_వకీలు: అప్పీలు వేశాం. పెండింగ్‌లో ఉంది.