పిల్లకాయల్ని తెల్లారుజామున 4:30కి లేపి చదివించడం మంచిదా, కాదా?

కావలి అమ్మ:
మా పాప నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడు బైపీసీ చదవతా ఉంది. రాత్రి స్టడీ అవర్ 10:30 దాకా, పడుకునేసరికి 11. పొద్దున 4:30కే బెల్లు. దసరా సెలవులకు ఇంటికొచ్చి బారెడు పొద్దెక్కినా లేవలా. లేపుదామని పోతే రెప్పల కింద కనుగుడ్లు గబగబా అటూ ఇటూ తిరగతా ఉండాయి, వేళ్ళ కొసలు సన్నగా అదరతా ఉండాయి, ఒళ్ళు మాత్రం కదలడం లేదు. భయమేసి తెలిసిన డాక్టరుగారిని అడిగితే, అది కలలొచ్చే నిద్ర, రెమ్ నిద్ర అంటారు, అప్పుడు మెదడుకు రక్తం బాగా పారుతుంది, లేపబాకండి అన్నారు. మా ఆయనేమో తెల్లారుజాము చదువే బుర్రకెక్కుతుంది, మేమంతా అట్నే చదివాం అంటారు. ఎవరి మాట వినాల?

రొయ్యల చెరువు, అల్లూరు:
అమ్మా, నాది మీ ఆయన మాటే. వెనామీ వేసుకున్నోళ్ళం, 3కి లేవకపోతే మాకు జరగదు. రాత్రంతా నీళ్ళలో ప్లాంక్టన్, అంటే కంటికానని సన్నజీవాలు, ఆక్సిజన్ని లాగేస్తుంది, తెల్లారే ముందు డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోద్ది. అప్పుడు నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ ఆగిందంటే రొయ్య నీళ్ళ మీదకొచ్చేస్తుంది. ఏళ్ళ తరబడి ఇట్నే లేస్తా ఉండా. మేత లెక్కలు, అప్పుల లెక్కలు అన్నీ నోటికే చెప్తా. పెందలాడే లేస్తే మెదడు పాడవుద్దంటే నేను ఒప్పుకోను.

ఒంగోలు సైన్సు మాస్టారు:
రొయ్యల చెరువు గారూ, మీరు రాత్రి ఎన్నింటికి పడుకుంటారో చెప్పలేదు. అసలు సంగతి అక్కడుంది.

నిద్ర సుమారు 90 నిమిషాలకొక చుట్టు తిరుగుతుంది. రాత్రి మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ, రెమ్ కొద్ది నిమిషాలే. తెల్లవారేకొద్దీ రెమ్ సాగుతుంది. కాబట్టి 11కి పడుకున్న పిల్లను 4:30కి లేపితే కోత ఎక్కువగా పడేది రెమ్ వాటాకే.

1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అజెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ఈ నిద్ర గురించి మొదట రాశారు. అమ్మగారు చూసిన ఆ కనుగుడ్ల కదలికే వాళ్ళకూ దొరికిన ఆనవాలు. ఒళ్ళు కదలకపోవడం జబ్బు కాదమ్మా. రెమ్‌లో మెదడు అడుగున వెన్నుపాముకు కలిసే మెదడుకాండమే కండరాలను పట్టు వదిలేలా చేస్తుంది, లేకపోతే కలలో పరిగెత్తినవాడు మంచం మీద నుంచి లేచి పరిగెత్తుతాడు.

ఇక రక్తం సంగతి. 1990ల్లో నిద్రపోతున్న మనుషులకు, మెదడులో రక్తం ఎక్కడెంత పారుతుందో చూపే పెట్ స్కాన్ తీశారు. గాఢనిద్రలో మెదడుకు వెళ్ళే రక్తం మెలకువలో కంటే తగ్గింది. రెమ్‌లో మళ్ళీ మెలకువ స్థాయికి వచ్చింది, కొన్నిచోట్ల దాన్నీ దాటింది. భయం, కోపం లాంటివాటిని చూసే అమిగ్డాలా ప్రాంతం చురుగ్గా ఉంది. ముందువెనకలు ఆలోచించే నుదుటి వెనకభాగం మాత్రం మందగించింది. ఎప్పుడో పోయిన తాత కలలో ఎదురై మాట్లాడినా మనకు అనుమానం రాకపోవడానికి ఇదే కారణమని చాలామంది శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు.

2021లో జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయం వాళ్ళు ఎలుకల మెదడు పైపొరలో కేశనాళికలను, అంటే వెంట్రుకంత సన్నని రక్తనాళాలను, నేరుగా సూక్ష్మదర్శినితో చూశారు. రెమ్‌లో వాటిలోకి వచ్చే ఎర్రకణాలు, మెలకువతో పోల్చినా గాఢనిద్రతో పోల్చినా దాదాపు రెట్టింపు. శరీరంలో ఐదో వంతు ఆక్సిజన్ వాడుకునే అవయవానికి ఇది చిన్న విషయం కాదు. డాక్టరుగారు సరిగ్గానే చెప్పారు.

కోవూరు ల్యాబ్:
మాస్టారూ, రక్తం ఎక్కువ పారింది అన్నంత వరకు సరే. దానివల్ల పిల్లకు మార్కులొస్తాయని ఎట్లా అంటాం? ఆ నరకణాలు పనిచేస్తున్నాయి కాబట్టి రక్తం వచ్చుండొచ్చు, అంతే. డిప్రెషన్‌కు వాడే ఎంఏఓ రకం పాత మందులు రెమ్‌ను దాదాపు లేకుండా చేస్తాయి. అవి వాడినవాళ్ళ జ్ఞాపకశక్తి కుప్పకూలలేదే! నిద్రలో మెదడు మురికి కడుక్కుంటుందని వాట్సాప్‌లో తిరిగేది కూడా 2013 నాటి ఎలుకల ప్రయోగమే. 2024లో లండన్‌లో ఎలుకల మీదే చేసిన ఇంకో ప్రయోగంలో, నిద్రలో ఆ శుభ్రత తగ్గినట్టు తేలింది. తేలని విషయాన్ని తల్లిదండ్రుల నెత్తిన రుద్దకూడదు.

ఒంగోలు సైన్సు మాస్టారు:
మందుల మాట నిజం. రెమ్ తగ్గితే చదువంతా పోతుందని నేననను. కానీ 2016లో కెనడాలో ఎలుకలకు ఒక మెదడు లయను రెమ్‌లో ఉన్నప్పుడు మాత్రమే అణిచేస్తే, ముందురోజు చూసిన వస్తువు ఎక్కడుందో మర్చిపోయాయి. మిగతా వేళల్లో అంతసేపే అణిస్తే మర్చిపోలేదు. మనుషుల్లో ఇంకా వాదన నడుస్తోంది, నడవనీండి. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలన్నదాంట్లో నిద్ర వైద్యులకు తగాదా లేదు. ఈ పాపకు దక్కుతోంది ఐదున్నర. దానికి ఎలుకల సాక్ష్యం కూడా అక్కర్లేదు.

రొయ్యల చెరువు, అల్లూరు:
నేను 8:30కే పడుకుంటా. మధ్యాహ్నం షెడ్డులో ఇంకో కునుకు. అట్టయితే పాపను కూడా 9కే పడుకోబెట్టొచ్చుగా?

ఒంగోలు సైన్సు మాస్టారు:
మీ ఒంట్లో గడియారం ఏళ్ళ అలవాటుతో ముందుకు జరిగింది, రెమ్ కూడా దాంతోపాటే జరిగింది. ఈడొచ్చిన పిల్లల్లో అదే గడియారం గంటా రెండు గంటలు వెనక్కి పోతుంది. 9కి పడుకోమంటే దొర్లుతారే గానీ నిద్ర పట్టదు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లోనే హైస్కూళ్ళు 8:30కి ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది ఇందుకే.

హాస్టల్ లెక్చరర్:
నేనూ అలాంటి హాస్టల్లోనే ఫిజిక్స్ చెప్తాను. పిల్లల మీద కక్షతో 4:30 పెట్టలేదండీ. బాత్రూములు చాలవు, 8కల్లా క్లాసులు, పైగా పక్క క్యాంపస్‌లో 4కే లేపుతున్నారంట అని అడిగేది తల్లిదండ్రులే. కానీ ఒక మాట చెప్పాలి. ఆ పొద్దుటి స్టడీ అవర్‌లో సగం మంది పుస్తకం మీదకు వాలిపోతారు, వార్డెన్ భుజం తట్టుకుంటూ తిరుగుతుంటాడు. అప్పుడు చేయించిన లెక్కలు టిఫిన్ తర్వాత మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. ఆ గంటన్నర మాకూ దండగే.

కావలి అమ్మ:
అందరికీ దండాలు. ఇదంతా మా ఆయనకు చదివి వినిపించా. వాళ్ళ ఊళ్ళో కరెంటు ఉండేది కాదంట, 8 కొట్టేసరికి లాంతరు తగ్గించి పడుకునేవాళ్ళంట. ఆ మాట ఇన్నాళ్ళూ చెప్పలా. వచ్చే పేరెంట్స్ మీటింగులో రాత్రి 10కి లైట్లు ఆపమని, బెల్లు 6కి కొట్టమని ఇద్దరం అడగతాం. బాత్రూముల సంగతి కూడా తీస్తాం. నెల్లూరు హాస్టళ్ళలో పిల్లకాయలు ఉన్నోళ్ళు ఎవరన్నా కలిసొస్తామంటే ఇక్కడే రాయండి.