ఇంట్లోనే బ్లీచ్ చేసి నెమలి నీలం వేసుకోవచ్చా, సెలూన్‌కే పోవాలా?

నీలికురులు:
అందరికీ నమస్తే. తిరుపతిలో ఎంసీఏ చదువుతా ఉండాను, నాకు 22. జుట్టు నడుం దాకా ఉంటాది. భుజాల కింది నుంచి చివర్ల దాకా నెమలి నీలం వేసుకోవాలని చాన్నాళ్ళుగా ఆశ. మన జుట్టు నలుపు కాబట్టి ముందు బ్లీచ్‌తో ఉన్న రంగు తీసెయ్యాలి, ఆ తర్వాతే నీలం పట్టుకుంటాది, అంతవరకు తెలుసు. బ్లీచ్ పౌడరు, దాంట్లో కలిపే 20 వాల్యూమ్ డెవలపరు, ప్లాస్టిక్ గిన్నె, బ్రష్షు, గ్లౌజులు తెచ్చుకుని ఫ్రెండు వాళ్ళింట్లో చేసుకుందామని ప్లాను, మాడుకు అస్సలు తగలనియ్యం. ఈ మాట ఎత్తితే చాలు అందరూ జుట్టు ఊడిపోతాది, సెలూన్‌కి పో అంటారు. ఇంట్లో చేసుకున్నోళ్ళు ఉంటే చెప్పండి. సెలూనే కావాల అనేవాళ్ళు ఎందుకో కారణం చెప్పండి, ఊరికే భయపెట్టొద్దు.

చంద్రగిరి కోట:
చేసేయ్ అక్కా. జుట్టే కదా, మళ్ళీ వస్తాది.

కొర్లగుంట సెలూన్:
మళ్ళీ వస్తాది అని చెప్పడం తేలిక తమ్ముడూ. నడుం దాకా పెరిగింది మళ్ళీ పెరగాలంటే ఎన్నేళ్ళు పడ్తాదో ఆ పాపనే అడుగు.
అమ్మా, మా నాయన కాలం నుంచి మాది ఇదే పని. నీకు కారణం కావాల అంటివి కదా, చెప్తా. మన నలుపు ఒక్కసారికే పసుపుకు రాదు. ముందు ఎర్రగా అవుతాది, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. ఇంట్లో చేసేవాళ్ళు నారింజ రాంగానే బెదిరిపోయి కడిగేస్తారు, దాని మీద నీలం పూస్తే మట్టి రంగు తేలుతాది. లేదంటే పసుపు వచ్చిందాకా ఆగాలని గంటలు గంటలు ఉంచేస్తారు, అప్పుడు తడి వెంట్రుక పట్టుకుని లాగితే జిగురు మాదిరి సాగి తెగిపోతాది. వెనక పక్క నీకు కనపడదు, నీ ఫ్రెండుకి చెయ్యి తిరగదు, ఒక పాయకు జాస్తి ఒక పాయకు తక్కువ పడ్తాది. ఇదంతా అయినాక నా దగ్గరికి వచ్చి అన్నా సరిచెయ్ అంటారు, నేను మొదట్నించి చేసే దానికన్నా ఆ సరిచేసే పనే కష్టం, దానికి డబ్బులడిగితే దోపిడీ అంటారు.

చిత్తూరు కెమిస్ట్రీ మాస్టారు:
ప్రశ్న అడిగిన అమ్మాయి 20 వాల్యూమ్ అన్నది, అది సరైన ఎంపిక, ముందు ఆ విషయం చెప్పాలి. 20 వాల్యూమ్ అంటే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, 30 అంటే 9, 40 అంటే 12. లీటరు ద్రావణం విడిపోతే 20 లీటర్ల ఆక్సిజన్ వస్తుంది కాబట్టి ఆ పేరు. పౌడర్లో ఉండేవి పర్‌సల్ఫేట్లు. రెండూ కలిస్తే వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్ విచ్ఛిన్నమవుతుంది, దాంతోపాటు వెంట్రుకకు బలమిచ్చే కెరాటిన్ కూడా ఎంతో కొంత దెబ్బతింటుంది, దెబ్బతినకుండా ఏ సెలూనూ చేయలేదు. ముదురు నీలానికి పూర్తిగా తెల్లబడాల్సిన పని లేదు, నారింజ దాటి పసుపు వస్తే చాలు. ఇంట్లో 20 పెట్టుకుని నిదానంగా చేసుకునేవాళ్ళ కంటే, టైము కలిసొస్తుందని 40 కలిపే సెలూన్లే ఎక్కువ ప్రమాదం.

కొర్లగుంట సెలూన్:
మాస్టారూ, 40 కలిపేది ఎవరండీ? చూసినారా మీరు?

చిత్తూరు కెమిస్ట్రీ మాస్టారు:
చూశాను కాబట్టే చెబుతున్నాను. మా మేనకోడలికి ఒక సెలూన్లో నెత్తి మీద బొబ్బలు వచ్చాయి. సీసా మీద 12 శాతం అని ఉంది, నేనే చదివాను.

కొర్లగుంట సెలూన్:
ఎవరో ఒకడు చేసినాడని మా అందర్నీ అంటే ఎట్లా? నేను కలిపేది 20, మందం జుట్టుకైతే 30. నలభై నా షాపులో సీసానే ఉండదు.

చిత్తూరు కెమిస్ట్రీ మాస్టారు:
30 కూడా అవసరం లేదు. 20తోనే సరిపోతుంది, టైము ఎక్కువ పడుతుందంతే.

కొర్లగుంట సెలూన్:
ఎంత టైము? పౌడరు ఎండిపోతే పని చెయ్యదు. ఆ సంగతి పుస్తకంలో ఉందా?

పాకాల జంక్షన్:
మీరిద్దరూ వాల్యూముల దగ్గరే ఆగిపోయినారు, అడిగిన అమ్మాయి ఎక్కడ?

తిరుచానూరు అమ్మ:
నాకీ కెమిస్ట్రీ తెలీదు, ఒక తల్లిగా చెప్తా ఉండా. ఏడుకొండలవాడి పాదాల కింద ఉండే ఊరు మనది. నీలాదేవి తన కురులు కోసి స్వామికిచ్చిందని చెప్పుకుంటాం, ఎక్కడెక్కడి నుంచో వచ్చి కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి పోతారు, అట్లాంటి చోట చక్కటి నల్ల జుట్టును మందులేసి కాల్చి నీలం పూసుకోవడం ఏమి సరదా? రేపు మొక్కు వచ్చిందనుకో, ఆ రంగు జుట్టే ఇస్తావా స్వామికి?

చంద్రగిరి కోట:
కల్యాణకట్టలో డై వేసిన జుట్టు కూడా తీస్తారు కదమ్మా, వద్దని ఎవరూ పంపీలేదే.

నీలికురులు:
అమ్మా, స్వామికి ఇవ్వాల్సి వస్తే మనస్ఫూర్తిగా ఇస్తా, అప్పుడు ఏ రంగుంటే ఆ రంగు. మన ఊరి సంగతి మీరు ఎత్తినారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతా. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషమని ఒళ్ళంతా తెల్లగా పూసుకుంటారు, బండ వేషం రోజు ఎర్రగా పూసుకుంటారు, జాతర రోజు మగవాళ్ళు చీర కట్టి జడేసుకుని పూలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. మా మామ కూడా కట్టినాడు, మా అవ్వే ఆయనకు కాటుక దిద్దింది. ఒళ్ళంతా రంగు పూసుకుంటే తప్పు కాని ఊర్లో నా జడ కొస నీలమైతే తప్పు ఎట్లయింది?

తిరుచానూరు అమ్మ:
అది మొక్కు. తల్లి పేరు మీద వేసే వేషం. పొద్దు గూకితే కడిగేసుకుంటారు. నీది మొక్కా? కడిగితే పోతాదా?

నీలికురులు:
ఈ నీలం కూడా తలంటుకునే కొద్దీ పోతాదమ్మా, ఇది లోపలికి దిగే పర్మనెంట్ డై కాదు, బ్లీచ్ చేసిన వెంట్రుక మీద పట్టుకుని ఉండే రంగు. మొక్కు కాదు, నిజమే. నాకు ఇష్టం, అంతే.

రేణిగుంట పార్లర్ అక్క:
ఒక మాట చెప్పి పోతా. ఈ నీలాలు గులాబీల్లో మామూలు నల్ల డైలో ఉండే పీపీడీ, అదే కొందరికి పడక దద్దుర్లు తెచ్చే మందు, మామూలుగా ఉండదు, అయినా చెవి వెనక రోంత పూసి 48 గంటలు చూసుకో చెల్లీ. బోరు నీళ్ళతో తలంటుకుంటే రంగు నిలవదు, మన కాడ ఉప్పు నీళ్ళు జాస్తి. కార్పొరేషన్ నీళ్ళు పట్టి పెట్టుకో, చల్లనీళ్ళే వాడు. పోతా పోతా ఆ నీలం పచ్చగా కూడా అవుతాది, కింద పసుపు ఉంటాది కదా. దానికి సిద్ధంగా ఉండు.

కొర్లగుంట సెలూన్:
ఇన్ని మాటలైనాయి, అసలుది ఎవరూ అడగలా. పాపా, తలకు గోరింటాకు పెడ్తావా?

నీలికురులు:
అమ్మ నెల నెలా పెడ్తాది. చిన్నప్పట్నించీ.

కొర్లగుంట సెలూన్:
అయితే ఇంట్లో చేసే మాట మర్చిపో. గోరింటాకు మీద బ్లీచ్ పడితే పొగలొస్తాయి, చేతిలోనే జుట్టు ముద్దయిపోతాది. కళ్ళారా చూసినా.

చిత్తూరు కెమిస్ట్రీ మాస్టారు:
ఇది సగం నిజం. రుబ్బిన ఆకులో ఉండే రంగు పదార్థం లాసోన్, అది కెరాటిన్‌కు అతుక్కుంటుంది, పెరాక్సైడ్‌తో వేడెక్కదు. ఆ నారింజ రంగు బ్లీచ్‌కి సరిగా లేవదు, అదొక్కటే ఇబ్బంది. వేడెక్కేది ప్యాకెట్ పొడుల్లో కొన్నిటిలో కలిపే లోహ లవణాలతో. పెట్టేది ఆకా, ప్యాకెట్టా?

కొర్లగుంట సెలూన్:
ఆకైనా ప్యాకెట్టైనా నా కుర్చీలో కూర్చున్నోళ్ళకి తేడా చెప్పడం రాదు మాస్టారూ. అన్నిటికీ గోరింటాకే అంటారు. అందుకే నేను పెట్టినారా అని అడిగి, అవునంటే చెయ్యను.

చిత్తూరు కెమిస్ట్రీ మాస్టారు:
చెయ్యను అనడం వేరు, పొగలొస్తాయి అని అందరినీ బెదరగొట్టడం వేరు.

కొర్లగుంట సెలూన్:
బెదరగొట్టేది నా స్వార్థం అనుకుంటా ఉండారా? యూట్యూబ్ చూసి ఎవరైనా చేసుకోవచ్చు, దీనికి విద్యేముంది అని ఇక్కడ అందరి లోపలా ఉండేది అదే. పన్ను పీక్కోవడానికి ఇంట్లో కూర్చుంటారా? మా పనంటేనే అలుసు. చిన్నప్పుడు మా నాయన వెనకాల నిలబడి నేర్చుకున్న పని ఇది. జుట్టు పట్టుకుని చూస్తే ఎంత లాగితే తెగుతాదో నా వేళ్ళకు తెలుసు. అది ఏ సీసా మీద రాసుంటాదో చెప్పండి.

నీలికురులు:
అన్నా, మీ పనిని నేను తక్కువ చెయ్యలా. ఇంతసేపు చెప్పకూడదనుకున్నా, ఇప్పుడు చెప్తా. నాకు డబ్బులు సమస్య కాదు, ట్యూషన్లు చెప్పి దాచుకున్నా. ముందు సెలూన్‌కే పోయినా. ఊర్లో మంచి పేరున్న షాపే, పేరు చెప్పను. నీలం వేయించుకోవాల అంటే ఆయన నన్ను పైనుంచి కింద దాకా చూసి ఇంట్లో తెలుసా అన్నాడు. తెలుసు అంటే అమ్మ నంబరు ఇవ్వు, ఒక మాట కనుక్కుంటా అన్నాడు. నా పక్క కుర్చీలో ఇంటర్ చదివే పిల్లోడు కూర్చుని ఉండాడు, మా తమ్ముడి ఈడు, వాడి నెత్తికి బ్లీచ్ పూసి ఫాయిల్ చుట్టి ఉండారు, ముందు పక్క బంగారు రంగు వచ్చేసింది. వాణ్ణి మీ అమ్మ నంబరు ఇమ్మని ఎవరూ అడగలా. నేను ఓటేస్తా, స్కూటీకి లైసెన్సు ఉంది, నా జుట్టుకి మాత్రం ఇంటి నుంచి పర్మిషన్ ఫోన్లో చెప్పాలంట. ఇంట్లో చేసుకుంటాను అంటా ఉండేది అందుకు. ఇంట్లో అయితే ఎవరూ నంబరు అడగరు.

పాకాల జంక్షన్:
ఇదీ అసలు మాట.

కొర్లగుంట సెలూన్:
ఆ షాపు నాది కాదు. అయినా చెప్తా ఉండా, నేనైనా అడిగేవాణ్ణే.
ఎందుకో విను. ఒక డిగ్రీ పిల్ల వచ్చి ఎరుపు వెయ్యమంటే వేసినా, బాగా వచ్చింది, సంతోషంగా ఫొటోలు తీసుకుని పోయింది. సాయంత్రం వాళ్ళ నాయన ఆ పిల్లను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినాడు. కుర్చీని తన్నినాడు, స్ప్రే బాటిల్ తీసి అద్దం మీద విసిరినాడు, కూర్చున్న కస్టమర్లంతా లేసి బయటికి పోయినారు. నా కులం పేరు పెట్టి తిట్టినాడు. నలుపు వేసి ఇమ్మని నిలబడి, నా చేత మళ్ళీ నలుపు వేయించి, ఒక్క రూపాయి ఇయ్యకుండా పోయినాడు. పోలీసులకు చెప్పమన్నారు పక్క షాపోళ్ళు. చెప్తే రేపు షాపు తెరవాలి కదా. పిల్లోడి నాయన ఎప్పుడూ రాలేదు నా షాపుకు, ఆడపిల్ల నాయనలే వస్తారు. నేను నంబరు అడిగేది నిన్ను అనుమానించి కాదు.

రేణిగుంట పార్లర్ అక్క:
మా పార్లర్‌కి నాయనలు రారు, అమ్మలొస్తారు. తిట్లు అవే.

నీలికురులు:
అన్నా, ఆయన చేసింది చాలా తప్పు. కేసు పెట్టాల్సిన తప్పు. కానీ ఆ భయానికి మీరు అడుగుతా ఉండేది నన్ను. కుర్చీ తన్నినోడికి అడ్డం ఏమీ లేదు, నీలం కావాలన్న నాకే అడ్డం.

తిరుచానూరు అమ్మ:
పాపా, కోపం తెచ్చుకోవద్దు, నేను మొక్కు గురించి అడిగింది కూడా పూర్తిగా మొక్కు గురించి కాదు. నాకూ నీ ఈడు కూతురుంది, సంబంధాలు చూస్తా ఉండాం. ఊదా రంగు వేసుకుంటా అని అడిగితే వద్దన్నా. మా ఆయన ఏమీ అనడు. చుట్టాలు వచ్చి కూతురి జుట్టు చూస్తే నన్నడుగుతారు, ఎట్లా పెంచినావు అని. మా ఆయన్ని ఎవరూ అడగరు. ఆ మాట నేను పడలేను.

నీలికురులు:
మా అమ్మా ఇదే అంటాది అమ్మా. ఆమెకు చెప్పే చేసుకుంటా, దాచి కాదు. ఒప్పుకోలేదు, కానీ ఫ్రెండు వాళ్ళింట్లో చేసుకో, మన బాత్‌రూంలో వద్దు అనింది.

చిత్తూరు కెమిస్ట్రీ మాస్టారు:
గోరింటాకు ప్రశ్నకు జవాబు రాలేదు. ఆకా, ప్యాకెట్టా?

నీలికురులు:
ఇప్పుడే అడిగినా. చిన్నప్పుడు ఆకు, ఈ మూడు నాలుగేళ్ళుగా నల్లగా అయ్యే ప్యాకెట్ పొడి మాస్టారూ.

చిత్తూరు కెమిస్ట్రీ మాస్టారు:
అయితే తలకు పూయకముందు పరీక్ష చేసి తీరాలి. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు పోగుచేసి దారంతో కట్టండి. ప్లాస్టిక్ కప్పులో కొంచెం బ్లీచ్ 20తో కలిపి ముంచండి. కప్పు వేడెక్కినా, నురుగు పొంగినా, వాసన మారినా ఆ జుట్టుకు బ్లీచ్ వద్దు, 20 అయినా వద్దు. ఏమీ కాకపోతే కడిగి ఆరబెట్టి లాగి చూడండి.

కొర్లగుంట సెలూన్:
ఆ పరీక్ష నేనూ ఒప్పుకుంటా. రాలిన వెంట్రుకతో పాటు మెడ వెనక లోపలి పాయ సన్నగా కత్తిరించి అది కూడా ముంచు, రాలినవన్నీ చివర్లవి కావు. నంబరు సంగతి మాత్రం నేను మార్చుకోను పాపా, నా షాపు నేనే కాపాడుకోవాలి. నీకు అది అన్యాయంగా ఉండొచ్చు.

నీలికురులు:
అన్యాయంగానే ఉందన్నా. పరీక్ష మాత్రం చేస్తా.

కొర్లగుంట సెలూన్:
సరే. చేసుకునేటట్లయితే పౌడరు గిన్నెలో పోసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకో, కిటికీలు తెరిచి పెట్టు, ఆ ధూళి పీల్చి పీల్చి నాకు రాత్రిళ్ళు ఆయాసం వస్తా ఉంది. ఇనుప గిన్నె, స్టీలు గరిటె వద్దు. పది నిమిషాలకొకసారి ఒక పాయ తుడిచి చూడు, పౌడరు ప్యాకెట్ మీద రాసిన టైము దాటనియ్యొద్దు. నారింజ దగ్గర ఆగిపోతే ఆగిపోనియ్. అదే రోజు దాని మీద ఇంకోసారి బ్లీచ్ వెయ్యొద్దు, వారం పది రోజులు నూనె పెట్టి వదిలెయ్, ఆ తర్వాత చూసుకో.