ముందు క్లాసా, ముందు రేసా? డి అండ్ డి కొత్త పాత్ర ఎక్కడ మొదలుపెట్టాలి

గుహదీపం:
నలుగురు కొత్తవాళ్లతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట) టేబుల్ మొదలుపెడుతున్నాం, 2024 రూల్స్‌తో. పాత్ర తయారీ దగ్గరే తగువు వచ్చింది. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మొదటి మెట్టు రేస్ (పాత్ర జాతి), రెండోది క్లాస్ (ఫైటర్, విజార్డ్ లాంటి వృత్తి). 2024 పుస్తకంలో క్లాస్ ముందుకొచ్చింది, ఆ తర్వాతే బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గతం), స్పీసీస్ (రేస్‌కి ఇప్పుడు పెట్టిన పేరు అదే). కొత్తవాళ్లేమో "నేను డ్వార్ఫ్", "నాకు కొమ్ములు కావాలి" అంటూనే వస్తున్నారు. ఒకాయనకైతే ఘటోత్కచుడే కావాలట: భారీ ఒళ్లు, మాయలు రెండూ. వీళ్లతో ముందు దేన్ని తేల్పించాలి? ఎందుకో కూడా చెప్పండి. "ఏది నచ్చితే అది" అన్న జవాబు మాత్రం వద్దు.

లెక్కల_మావ:
క్లాస్. ఇందులో చర్చేముంది? మూడు గంటల ఆటలో మీ వంతు వచ్చిన ప్రతిసారీ చేతిలో ఉండేది క్లాస్. స్పీసీస్ గుణాలు పూటకి రెండు మూడు సార్లు పనికొస్తే గొప్ప.

2014 రూల్స్‌లో రేస్ ముందు అనడానికి కారణం ఉండేది, ఎబిలిటీ (స్ట్రెంగ్త్, డెక్స్‌టెరిటీ అనే డెక్స్, కాన్‌స్టిట్యూషన్ అనే కాన్, ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, కరిజ్మా) ప్లస్‌లు అక్కడినుంచే వచ్చేవి. ఆ ఒక్క ప్లస్ విలువెంతో లెక్కేసి చూడండి. ఒకటో లెవెల్ ఫైటర్, లాంగ్‌స్వోర్డ్, ఎదురుగా ఏసీ (దాడి తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 15 గోబ్లిన్. స్ట్రెంగ్త్ 16 అయితే దాడికి +5, డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద 10 పడితే చాలు, అంటే 55 శాతం. తగిలితే సగటు నష్టం 7.5. స్ట్రెంగ్త్ 15 దగ్గరే ఆగిపోతే దాడికి +4, 11 పడాలి, 50 శాతం, సగటు 6.5. క్రిటికల్స్ (20 పడితే నష్టం పాచిక రెండుసార్లు) కూడా కలిపితే ఒక్కో దాడికి 4.35 ఎక్కడ, 3.48 ఎక్కడ. ఐదో వంతు పోయింది. "ఒక్క ప్లస్సే కదా" అనేవాళ్లు దాడి తగలడంలో తేడా మాత్రమే చూస్తారు, నష్టంలో తేడా కూడా దానికి తోడవుతుందని మర్చిపోతారు.

2024లో ఆ ప్లస్‌లు స్పీసీస్ నుంచి తీసేశారు. ఇక స్పీసీస్‌ని ముందు పెట్టాల్సిన పనే లేదు. క్లాస్, బ్యాక్‌గ్రౌండ్, చివర్లో స్పీసీస్.

తెర_వెనక_డీఎం:
మావగారూ, మీ లెక్క కరెక్టే. దానినుంచి మీరు తేల్చిందే తప్పు. ప్లస్‌లు పోవడంతో స్పీసీస్ బరువు తగ్గలేదు, పెరిగింది. ఇదివరకు హాఫ్-ఆర్క్ అంటే స్ట్రెంగ్త్ +2, మిగతావి కొసరు. ఇప్పుడు ఆ కొసరే అసలు సరుకు.

2024లో వుడ్ ఎల్ఫ్‌కి అయిదో లెవెల్లో "పాస్ వితౌట్ ట్రేస్" స్పెల్ (మంత్రం) వస్తుంది, రోజుకోసారి ఉచితంగా. జట్టు మొత్తానికి స్టెల్త్ (చప్పుడు లేకుండా నక్కడం) మీద +10. జట్టులో డ్రూయిడ్, రేంజర్ లేకపోతే దీని విలువ చెప్పక్కర్లేదు, ప్లేట్ ఆర్మర్ వేసుకున్న పాలడిన్ కూడా పిల్లిలా నడిచేస్తాడు. డ్రాగన్‌బోర్న్‌కి 2014లో డ్రాగన్‌లా నిప్పు లాంటి ఊపిరి వదలాలంటే ఒక యాక్షన్ (వంతులో చేసే అసలు పని) మొత్తం ఖర్చు. ఇప్పుడు ఎటాక్ యాక్షన్‌లో ఒక్క దాడి బదులు వదలొచ్చు. అయిదో లెవెల్లో రెండు దాడులొచ్చే ఫైటర్‌కి ఇది అమిరినట్టు విజార్డ్‌కి అమరదు.

అందుకే రెండూ ఒకేసారి చూడాలి. ముందు క్లాస్ ఖాయం చేసేసి స్పీసీస్‌ని టోపీలా పైన పెడితే ఇవేవీ కనబడవు.

కొండ_మరుగుజ్జు:
2014 మౌంటెన్ డ్వార్ఫ్ విజార్డ్‌ని ఎవరూ తలుచుకోరేం? ఇంటెలిజెన్స్‌కి ఒక్క ప్లస్సూ రాదు, 15 దగ్గర కూర్చుంటాడు. అయినా మీడియం ఆర్మర్ వేసుకోగలడు. 50 బంగారు నాణేలకి స్కేల్ మెయిల్, డెక్స్ 14 ఉంటే ఏసీ 16. మామూలు విజార్డ్ మేజ్ ఆర్మర్ స్పెల్ వేసుకుంటే అదే డెక్స్‌తో 15, పైగా ఒకటో లెవెల్లో ఉన్న రెండు స్లాట్లలో (స్పెల్ వేసే అవకాశాల్లో) ఒకటి గోవిందా. స్కేల్ మెయిల్‌తో స్టెల్త్‌కి డిసడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం) ఉంటుంది, అది ఒప్పుకుంటాను.

2024 డ్వార్ఫ్‌కి ఆ ఆర్మర్ శిక్షణ లేదు. లెవెల్‌కో హిట్ పాయింట్ (ప్రాణం అంకె), విషం మీద రెసిస్టెన్స్, చీకట్లో 120 అడుగుల దాకా చూపించే డార్క్‌విజన్. పాత వీడియోలు చూసి కొత్త రూల్స్‌లో డ్వార్ఫ్ విజార్డ్ చేసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

పాత_అట్ట:
ఈ తగువు ఈనాటిది కాదు. 1981 బేసిక్ పెట్టెలో ఎల్ఫ్, డ్వార్ఫ్, హాఫ్లింగ్ అనేవే క్లాసులు. ఎల్ఫ్ అన్నావంటే కత్తి, మంత్రం రెండూ వచ్చినట్టే, వేరే ఎంపిక లేదు. 1978 అడ్వాన్స్‌డ్ హ్యాండ్‌బుక్‌లో రెండూ విడివిడిగా ఉన్నా కంచెలు బోలెడు: పాలడిన్ కావాలంటే మనిషై పుట్టాలి, డ్వార్ఫ్ మ్యాజిక్-యూజర్ కాలేడు, మనుషులు కానివాళ్లకి చాలా క్లాసుల్లో లెవెల్ పరిమితి. 2000లో మూడో ఎడిషన్ ఆ కంచెలు తీసేసి, వాటి బదులు ప్లస్ మైనస్‌లు పెట్టింది. హాఫ్-ఆర్క్‌కి స్ట్రెంగ్త్ +2, ఇంటెలిజెన్స్, కరిజ్మా −2 చొప్పున. 2008లో నాలుగో ఎడిషన్‌లో మైనస్‌లు పోయాయి. 2020లో టాషా అనే అదనపు రూల్స్ పుస్తకం ప్లస్‌లని కావలసిన చోటికి జరుపుకోమంది. 2024లో అవీ బ్యాక్‌గ్రౌండ్‌కి వెళ్లిపోయాయి. ఎడిషన్ ఎడిషన్‌కీ రేస్ చేతిలోంచి ఒక్కొక్కటీ లాగేస్తూ వచ్చారు. నాకైతే కంచెలు పోవడం మంచిదే. వాటితోపాటు ప్రపంచం రుచి కూడా కొంత పోయిందని తెర వెనక డీఎం గారు అంటే కాదనను.

లెక్కల_మావ:
రుచి సంగతి డీఎం చూసుకుంటారు. అసలు ఉచ్చు ఎక్కడుందో ఎవరూ అనట్లేదు: బ్యాక్‌గ్రౌండ్.

2024 హ్యాండ్‌బుక్‌లో 16 బ్యాక్‌గ్రౌండ్లు. ఒక్కోదానికి మూడు ఎబిలిటీలు రాసి ఉంటాయి. ఒకదానికి +2, ఇంకోదానికి +1 వేసుకోవచ్చు, లేదా మూడింటికీ తలా +1. ఆ మూడింటి బయట వేసుకోడానికి లేదు. సోల్జర్ అంటే స్ట్రెంగ్త్, డెక్స్, కాన్. సైన్యం వదిలి మంత్రాలు నేర్చిన విజార్డ్ మంచి కథే, కానీ వాడి ఇంటెలిజెన్స్ 15 దాటదు. 2014లో హాఫ్-ఆర్క్ విజార్డ్‌కి పట్టిన గతే ఇది.

సోర్సరర్‌కి కరిజ్మా, కాన్ రెండూ కావాలంటే మూడే దారులు: షార్లటన్, హెర్మిట్, మర్చంట్. పాలడిన్‌కి స్ట్రెంగ్త్, కరిజ్మా కావాలంటే నోబుల్ లేదా ఎంటర్‌టైనర్, అంతే. స్ట్రెంగ్త్, కాన్, కరిజ్మా మూడూ ఉన్న బ్యాక్‌గ్రౌండ్ అసలు లేదు.

కాబట్టి నా వరస: క్లాస్, దానికి కావలసిన రెండు ఎబిలిటీలు, అవి రెండూ ఉన్న బ్యాక్‌గ్రౌండ్లలో కథకి సరిపోయేది, ఆఖర్న స్పీసీస్.

ఉచిత_పాచిక:
పుస్తకం కొననివాళ్ల సంగతి కూడా చూడండి. మనలో చాలామంది ఆడేది 2025లో ఉచితంగా వచ్చిన మూల రూల్స్ పత్రం ఎస్‌ఆర్‌డీ 5.2తో. అందులో బ్యాక్‌గ్రౌండ్లు నాలుగే: ఎకొలైట్, క్రిమినల్, సేజ్, సోల్జర్. కరిజ్మా ఒక్క ఎకొలైట్‌లోనే ఉంది, దాని పక్కన ఇంటెలిజెన్స్, విజ్‌డమ్. అంటే ఆ పత్రంతో బార్డ్, వార్‌లాక్, సోర్సరర్ ఎవరు చేసినా గుడిలో పెరిగినవాడే, డెక్స్‌కో కాన్‌కో +1 వేసుకునే దారే లేదు. స్పీసీస్ మాత్రం తొమ్మిది ఉన్నాయి, ఆసిమార్ ఒక్కటే తక్కువ.

తెర_వెనక_డీఎం:
అందుకే డీఎం (ఆట నడిపేవారు) గైడ్‌లో సొంత బ్యాక్‌గ్రౌండ్ చేసుకునే పద్ధతి పెట్టారు. మూడు ఎబిలిటీలు, ఒక ఆరిజిన్ ఫీట్ (మొదట్లోనే వచ్చే అదనపు సామర్థ్యం), రెండు స్కిల్స్, ఒక పనిముట్టు ఎంచుకోవాలి. పది నిమిషాల పని. మాజీ సైనికుడైన విజార్డ్‌కి ఇంటెలిజెన్స్, కాన్, స్ట్రెంగ్త్ ఇచ్చేస్తే గొడవ వదిలింది. గుహదీపం గారూ, మొదటి రోజే ఇది టేబుల్ అందరికీ తెరిచి పెట్టండి.

లెక్కల_మావ:
అందరికీ తెరిస్తే అందరూ తమ క్లాస్‌కి సరిపోయే మూడు ఎబిలిటీలూ, ఇష్టమైన ఫీటూ పట్టుకొస్తారు. నలుగురికి నాలుగు ఎలర్ట్ ఫీట్లు. అడిగినవాళ్లకి, కారణం చెప్పగలిగితేనే ఇవ్వాలి.

తెర_వెనక_డీఎం:
నలుగురికీ ఎలర్ట్ ఉంటే కొంపేం మునగదు. నాలుగు బొమ్మలు ఒకే అచ్చులో ఉంటే మునుగుతుంది. అయినా మన ఇద్దరం ఇక్కడ కలవమని తెలిసిందే.

కన్నం_పూడ్చు:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. స్పీసీస్‌ని క్లాస్ బలానికి బలం కలపడానికి వాడొద్దు, క్లాస్‌లో ఉన్న కన్నం పూడ్చడానికి వాడండి.

బార్బేరియన్‌ని తీసుకోండి. వాడు చచ్చేది గొడ్డలి దెబ్బకి కాదు, విజ్‌డమ్ సేవ్ (హాని తప్పించుకోడానికి వేసే పాచిక) పోయి కదలకుండా నిలబడినప్పుడు, లేదా మనసు లొంగి మన మీదికే తిరిగినప్పుడు. 2024 నోమ్‌కి ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, కరిజ్మా సేవ్‌లన్నిటికీ అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి ఎక్కువది తీసుకోవడం). విజ్‌డమ్ 10, సేవ్ డీసీ (అందుకోవాల్సిన అంకె) 13 అయితే మామూలుగా గట్టెక్కేది 40 శాతం, అడ్వాంటేజ్‌తో 64.

"నోమ్ చిన్నవాడు, గ్రేట్‌యాక్స్ ఎలా ఎత్తుతాడు" అనేది 2014 మాట. అప్పుడు స్మాల్ సైజువాళ్లకి హెవీ ఆయుధాలతో డిసడ్వాంటేజ్. ఇప్పుడు స్ట్రెంగ్త్ 13 ఉంటే చాలు. ఎబిలిటీలు కొనడానికి ఇచ్చే 27 పాయింట్లతో ఇలా కొనండి: స్ట్రెంగ్త్ 15, కాన్ 15, డెక్స్ 14, విజ్‌డమ్ 10, మిగతా రెండూ 8. ఫార్మర్ బ్యాక్‌గ్రౌండ్‌తో స్ట్రెంగ్త్ 17, కాన్ 16, పైగా టఫ్ ఫీట్. మొదటి లెవెల్లో 17 హిట్ పాయింట్లు, ఆర్మర్ లేకుండా ఏసీ 15. నాలుగో లెవెల్లో గ్రేట్ వెపన్ మాస్టర్ తీసుకుంటే స్ట్రెంగ్త్ 18. ఒక్కటే లోటు: స్మాల్ కాబట్టి మీడియం కంటే పెద్దవాటిని గ్రాపిల్ చేయలేడు (పట్టి ఆపలేడు).

ఇక పనికిరాని జతలు. రేజ్‌లో (బార్బేరియన్ ఊగిపోతూ పోరాడే దశలో) స్పెల్స్ వేయడం కుదరదు, కాబట్టి కొమ్ముల టీఫ్లింగ్ బార్బేరియన్‌కి వచ్చే స్పెల్స్ పోరాటంలో చాలావరకు దండగ. డ్రాగన్‌బోర్న్ ఊపిరి స్పెల్ కాదు, రేజ్‌లోనూ పనిచేస్తుంది. మూన్ డ్రూయిడ్ జంతు రూపమిచ్చే వైల్డ్ షేప్‌లోకి వెళ్తే 2024 రూల్స్‌లో స్పీసీస్ గుణాలు వెంట రావు (2014లో వచ్చేవి), కాబట్టి వాడికి స్పీసీస్ కోసం జుట్టు పీక్కోవడం అనవసరం. డార్క్‌విజన్ ఉంది కదా అని దీపం మానేసే జట్లకి ఒక మాట: చీకటి వాళ్లకి మసక వెలుగులా కనిపిస్తుంది, అక్కడ చూపు మీద ఆధారపడ్డ గమనింపుకి, అంటే పర్సెప్షన్‌కి డిసడ్వాంటేజ్, పాసివ్ (పాచిక వేయకుండా లెక్కేసే) స్కోర్‌లో 5 కోత. ఉచ్చుల్లో పడేది అందుకే. 5 బంగారు నాణేల హుడెడ్ లాంతర్ కొనిపించండి.

గుహదీపం:
చాలా అందింది. మరి ఘటోత్కచుడి సంగతి? గోలియత్ (భారీ ఒళ్ల స్పీసీస్) బార్బేరియన్ అనుకున్నాం, రేజ్‌లో మాయలు కుదరవంటే అది పోయినట్టే కదా.

లెక్కల_మావ:
పోయినట్టే. ఫైటర్‌లో స్పెల్స్ కూడా వచ్చే ఎల్డ్రిచ్ నైట్ చేయండి, మూడో లెవెల్లో వస్తుంది. 2014లో వాడికి ఎక్కువగా ఎబ్జురేషన్ (రక్షణ), ఎవొకేషన్ (దాడి) స్పెల్సే దక్కేవి, భ్రమలు పుట్టించే స్పెల్స్‌కి తడుముకోవాలి. 2024లో ఆ గిరి లేదు. బ్యాక్‌గ్రౌండ్‌కి స్ట్రెంగ్త్, ఇంటెలిజెన్స్ రెండూ ఉన్నవి ఆర్టిసన్, గార్డ్, నోబుల్. భీముడి కొడుక్కి నోబుల్ సరిపోతుంది. స్ట్రెంగ్త్ 15, కాన్ 14, ఇంటెలిజెన్స్ 13, విజ్‌డమ్ 12, డెక్స్ 10, కరిజ్మా 8 కొని, +2 స్ట్రెంగ్త్‌కి, +1 ఇంటెలిజెన్స్‌కి వేస్తే 17, 14. చెయిన్ మెయిల్‌తో ఏసీ 16. అయిదో లెవెల్లో గోలియత్‌కి లార్జ్ ఫామ్ వస్తుంది, రోజుకోసారి పది నిమిషాలు ఒళ్లు పెంచొచ్చు. చూశారా, క్లాస్ తేలాకే అన్నీ దారికొచ్చాయి.

తెర_వెనక_డీఎం:
ఆగండి మావగారూ. ఆయనకి ఘటోత్కచుడంటే శశిరేఖ వేషం వేసి అందర్నీ ఆడించినవాడు అయ్యుంటాడు. వేషం మార్చే డిస్‌గైజ్ సెల్ఫ్ స్పెల్‌లో ఎత్తు ఒక్క అడుగే పెంచొచ్చు, ఒక్క అడుగే తగ్గించొచ్చు. గోలియత్ ఏడెనిమిది అడుగులు. ఎంత తగ్గినా ఆరడుగుల శశిరేఖ వస్తుంది. ఎత్తు కూడా మార్చే ఆల్టర్ సెల్ఫ్ రెండో లెవెల్ స్పెల్, ఎల్డ్రిచ్ నైట్‌కి ఆ స్లాట్లు ఏడో లెవెల్లో గానీ రావు. వేషమే ముఖ్యమైతే స్పీసీస్ ఆర్క్ గానీ మనిషి గానీ అయ్యి, ఎత్తు ఆరడుగులు దాటకుండా ఉండాలి. ఒళ్లే ముఖ్యమైతే గోలియత్. క్లాస్ రెండింటికీ అదే ఎల్డ్రిచ్ నైట్. కాబట్టి ఆయన్ని ముందు అడగాల్సింది స్పీసీస్ గురించే.

లెక్కల_మావ:
ఈ ఒక్కదానికీ ఒప్పుకుంటా. మిగతా ముగ్గురికీ క్లాసే ముందు.

కొండ_మరుగుజ్జు:
ఆ ముగ్గురిలో డ్వార్ఫ్ అన్నాయన విజార్డ్ అంటాడేమో చూడండి. అంటే ఆర్మర్ రాదని షీట్ రాయకముందే చెప్పేయండి.