అప్‌డేట్: జాజ్ బేస్ గిటార్‌లో హమ్ సమస్య

నా జాజ్ బేస్ తరహా గిటార్‌లో వచ్చే హమ్ (ఆగకుండా వినిపించే గుయ్‌మనే మోత) పోవాలంటే పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత తీగచుట్టలు) మార్చాలా అని గత నెల అడిగాను. ముందు గిటార్ లోపల వైర్లు ఉండే గూటికి రాగి రేకు అంటించమన్న సలహానే పాటించాను. అతుకుల మీద టంకం వేసి, రేకును గ్రౌండ్ తీగకు కలిపాక, ట్యూబ్‌లైటు వల్ల వచ్చే జిరజిర దాదాపు పోయింది. అయితే ఒక పికప్ వాల్యూమ్ తగ్గిస్తే ఇంటి కరెంటు అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే 50 హెర్ట్జ్ హమ్ ఇంకా వినిపిస్తోంది; రెండు పికప్‌ల చుట్లు, అయస్కాంత ధ్రువాలు పరస్పరం వ్యతిరేకంగా ఉన్నందువల్ల, రెండు వాల్యూమ్‌లూ సమానంగా ఉన్నప్పుడే అది రద్దవుతుందని, రాగి రేకు దానిని ఆపజాలదని ఇప్పుడు అర్థమైంది. గరగరలాడుతున్న పాత పొటెన్షియోమీటర్ల (వాల్యూమ్, టోన్ మార్చడానికి తిప్పే భాగాల) స్థానంలో 250 కిలో ఓమ్‌ల కొత్తవి బిగించాను (టంకంలో చేయి తిరగక ఒకదానిని మాడ్చి, మళ్లీ కొన్నాను). పికప్‌ల కొనుగోలును మాత్రం ప్రస్తుతానికి వాయిదా వేశాను.