కలెక్టరు ఉత్తరాల్లో జమీందార్ల గురించి రాసిన మాటలు ఎలా చదవాలి? (గుంటూరు సర్కారు, 1788–1802)

బ్రాడీపేట నుంచి ప్రశ్న

నమస్కారమండీ. ఎం.ఏ. ప్రాజెక్టు కోసం, గుంటూరు సర్కారు (అప్పటి జిల్లా లాంటి పాలనా భాగం) ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చిన 1788 నుంచి 1802 శాశ్వత శిస్తు నిర్ణయం దాకా కలెక్టర్లు ఇక్కడి జమీందార్ల మీద రాసిన అభిప్రాయాలు పోగుచేస్తున్నాను. రెవెన్యూ బోర్డుకు వెళ్ళిన ఉత్తరాల నకళ్ళు కొన్ని దగ్గరున్నాయి. మూడు చోట్ల ఆగిపోయాను. ఒకే జమీందారు ఒక ఉత్తరంలో 'రిఫ్రాక్టరీ' (మాట వినని మొండివాడు), ఇంకోదాంట్లో 'రెస్పెక్టబుల్' (గౌరవనీయుడు). ఏది తీసుకోవాలి? బకాయి అంకెలు మూడు గళ్ళలో ఉన్నాయి, రూపాయల్లోకి మార్చడం తెలియడం లేదు. ఫసలీ సంవత్సరానికీ (శిస్తు లెక్కల ఏడు) ఉత్తరం తేదీకీ పొంతన కుదరడం లేదు. కాస్త దారి చూపించగలరా?

సత్యనారాయణపురం నుంచి జవాబు

అమ్మా, మొదటిదానికి చెప్తాను. రెండిట్లో ఏది నిజమో తేల్చే పని పెట్టుకోకండి. ఆ విశేషణాలు కచేరీ మాటలు. కిస్తు (శిస్తు వాయిదా) ఆపినా, పిలిస్తే రాకపోయినా, సిబ్బందీలను (జమీందారు పెట్టుకున్న సాయుధ బంట్లను) తగ్గించమంటే తగ్గించకపోయినా 'రిఫ్రాక్టరీ' పడుతుంది. 'టర్బ్యులెంట్' (కల్లోలం రేపేవాడు) అని ఉంటే ఆయన వెనక ఆయుధం పట్టిన మనుషులున్నారా అని చూడండి. 'ఇండొలెంట్' (సోమరి) అని ఉంటే లెక్కలు దివాను (జమీ వ్యవహారాలు చూసే ఉద్యోగి) చేతికి వదిలేశారా అని చూడండి. వేళకు కిస్తులు కట్టిన ఏడాది అదే మనిషి 'రెస్పెక్టబుల్' అయిపోతాడు.

అందుకని విశేషణాన్ని ఒంటరిగా ఎత్తి రాసుకోవద్దు. ప్రతి ఉత్తరానికీ ఒక వరుస గీసుకోండి: తేదీ, రాసింది ఎవరు, ఎవరికి, వాడిన మాట, ఆనాటికి బకాయి ఎంత, ఉత్తరం చివర కలెక్టరు బోర్డును ఏం అడుగుతున్నాడు. ఈ చివరి గడి వదలొద్దు. ఆ ఉత్తరాలకు పేరాలకు నంబర్లుంటాయి. మూడో పేరాలో మనిషి మీద మాట ఉంటుంది, ఎనిమిదో పేరాలో కోరిక ఉంటుంది. జప్తుకు అనుమతి అడిగే ఉత్తరంలో జమీందారు చెడ్డవాడుగానూ, బకాయి మాఫీకో వాయిదాకో సిఫారసు చేసే ఉత్తరంలో మంచివాడుగానూ కనబడడం సహజం. పది ఉత్తరాలు ఇలా పరిచి చూస్తే మీ ప్రశ్నకు జవాబు కళ్ళెదుటే ఉంటుంది.

ఇంకోటి. గుంటూరు సంగతి మిగతా సర్కార్ల లాంటిది కాదు, ఇది మీ మొదటి అధ్యాయంలో రావాలి. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా, 1766లో నిజాంతో ఒడంబడిక. చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి సర్కార్లు అప్పుడే వచ్చాయి. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంతవరకు ఆయనకే వదిలారు. ఆయన 1782లో పోయాడు, అయినా ఇది కంపెనీ చేతికి రావడానికి 1788 దాకా పట్టింది. అంటే ఇక్కడికొచ్చిన తొలి దొరల చేతిలో వెనకటి లెక్కలంటూ ఏమీ లేవు. అవి దేశ్‌పాండేల (పరగణా లెక్కలు రాసేవారు) దగ్గర, గ్రామ కరణాల దగ్గర ఉన్నాయి. హుజూరు కచేరీ (కలెక్టరు ఆఫీసు) లెక్కలు మరాఠీలో, గ్రామం లెక్కలు తెలుగులో. దొరకు రెండూ రావు. ఫలానా జమీందారు ఎలాంటివాడని ఆయన రాసిన మాట శిరస్తాదారు (కచేరీలో పెద్ద దేశీ ఉద్యోగి) నోటి నుంచో దుబాషి (మాట తర్జుమా చేసేవాడు) నోటి నుంచో వచ్చి ఉంటుంది. ఆ ఉద్యోగికి ఆ జమీందారుతో పొత్తో వైరమో ఉందేమో చూడకుండా ఆ మాటను వాడుకోకూడదు. జాగ్రత్త అవసరమైన చోటు ఇదేనని నా గట్టి నమ్మకం.

కొరిటెపాడు నుంచి జవాబు

అంకెల సంగతి నేను చెప్తాను.

మూడు గళ్ళు అంటే వరహాలు, ఫణాలు, కాసులు. 80 కాసులు ఒక ఫణం. కంపెనీ లెక్కలో 42 ఫణాలు ఒక స్టార్ వరహా. వరహాకు మూడున్నర రూపాయలు. ఉదాహరణకు 1,250–31–40 అని ఉందనుకోండి. 40 కాసులు అర ఫణం. 31న్నర ఫణాలు ముప్పావు వరహా. మొత్తం 1,250 ముప్పావు వరహాలు, మూడున్నరతో గుణిస్తే 4,377 రూపాయల 10 అణాలు. మధ్య గడిని నూటికి వేసి 1,250.31 అని ఎక్సెల్‌లో ఎక్కించేస్తుంటారు, అక్కడే లెక్క పాడవుతుంది. మూడు గళ్ళూ మూడు కాలమ్‌లుగానే ఉంచి, నాలుగో కాలమ్‌లో సూత్రం పెట్టండి. బజారులో వరహాకు ఫణాలు ఎక్కువ తక్కువలవుతుండేవి కాబట్టి అది స్టార్ వరహా అవునో కాదో శీర్షికలో చూసుకోండి. 1818లో మద్రాసులో రూపాయే ప్రమాణమైంది, ఆ తర్వాతి కాగితాల్లో ఈ బాధ ఉండదు.

ఫసలీకి 590 కలపండి. ఫసలీ 1198 అంటే 1788–89, ఫసలీ 1212 అంటే 1802–03. ఆ రోజుల్లో మద్రాసు ఫసలీ జులై రెండో వారంలో మొదలయ్యేది. జులై 1 అన్నది 1855 నుంచి. కనుక జులై మొదటి వారంలో రాసిన ఉత్తరంలో "ఈ ఫసలీ" అంటే పాత ఏడే. ఉత్తరంలో 'ఇన్‌స్టంట్' అంటే ఈ నెల, 'అల్టిమో' అంటే కిందటి నెల. "10 అల్టిమో" అన్నదాన్ని ఉత్తరం రాసిన నెలకే వేసుకుంటే మొత్తం వరుస తారుమారవుతుంది. తెలుగు అర్జీల్లో సంవత్సరం పేరే ఉంటుంది: 1788 కీలక, 1802 దుందుభి. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది, మనిషి పేరుతో సరిచూసుకోండి.

బకాయి చూసి భయపడొద్దు. కిస్తులు పంట చేతికొచ్చే కొద్దీ కట్టేవి. డిసెంబరులో రాసిన ఉత్తరంలో సగానికి పైగా బాకీ కనబడినా ఆ ఏడాది ఎగవేసినట్టు కాదు. ఫసలీ ముగిశాక వచ్చే జమా (కట్టాల్సిన మొత్తం), వసూలు, బాకీ పట్టీతోనే పోల్చండి.

బ్రాడీపేట నుంచి

చాలా ఉపకారం చేశారండీ. ఇక్కడి పెద్ద జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి గురించి 1788కి ముందు ఉత్తరాలు కూడా ఉన్నాయని విన్నాను. గుంటూరు అప్పటికి కంపెనీది కాదు కదా, అదెలా?

సత్యనారాయణపురం నుంచి జవాబు

మంచి ప్రశ్న. వాసిరెడ్డి వారి ఊళ్ళు కృష్ణకు రెండు వైపులా ఉన్నాయి. చింతపల్లి దక్షిణపు ఒడ్డున, గుంటూరు సర్కారులో. నందిగామ పరగణా అవతల, కొండపల్లి సర్కారులో. అది ముందే కంపెనీ కిందికొచ్చింది కనుక అక్కడి వ్యవహారం మచిలీపట్నంలోని కంపెనీ చీఫు (అక్కడి పెద్ద అధికారి), కౌన్సిలు చూసేవారు. 1788 తర్వాత గుంటూరు వైపు కాగితాలు వేరు. ఒకే మనిషి, రెండు దస్త్రాలు. మచిలీపట్నం కౌన్సిలు 1794లో రద్దయింది, అక్కడి నుంచి కలెక్టర్ల కాగితాలే వెతకండి. మల్రాజు వారికి (నరసరావుపేట జమీందార్లు), చిలకలూరిపేట, సత్తెనపల్లి, రేపల్లె జమీందార్లకు ఈ రెండు దస్త్రాల చిక్కు లేదు, వాళ్ళతో మొదలుపెడితే చేయి తిరుగుతుంది.

వెతికేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు విన్నట్టు రాసిన పేర్లు పట్టుకోవాలి. కొండవీడు 'కొండవీర్', మచిలీపట్నం 'మసూలిపటం', వాసిరెడ్డి 'వస్సారెడ్డి' అయి ఉంటాయి. సర్కారు పేరు ముర్తజానగర్ అని కూడా ఉంటుంది. చేతిరాతలో పొడుగు 'ఎస్' అక్షరం 'ఎఫ్' లాగా కనబడుతుంది, పేరు మధ్యలో 'ఎఫ్' తగిలితే అనుమానించండి.

కొరిటెపాడు నుంచి

ఒక్క మాట కలుపుతాను. ఉత్తరంలో 'ఎన్‌క్లోజర్' (జతచేసిన కాగితం) అని ఉంటే వదలకండి. జమీందారు తెలుగులో ఇచ్చుకున్న అర్జీకి ఇంగ్లీషు అనువాదం చాలాసార్లు అక్కడే ఉంటుంది. బోర్డు నకళ్ళలో అది అదే రోజు ప్రొసీడింగ్సులో కొన్ని పుటల అవతల పడుతుంది, అందుకే ఉత్తరం ఒక్కటే ఫోటో తీసుకున్నవాళ్ళకు చేజారుతుంది. ముందు పది, వెనక ఇరవై పుటలు తిరగేయండి. కాలిన్ మెకంజీ సేకరింపించిన కైఫీయతుల్లో (గ్రామ చరిత్రల్లో) ఆ జమీందారు కింది గ్రామాలవి కూడా పక్కన పెట్టుకోండి. దొర 'ఆప్రెసివ్' (పీడించేవాడు) అన్నచోట కైఫీయతులో ఆయన తవ్వించిన చెరువో, ఇచ్చిన ఇనామో ఉండొచ్చు. రెండూ రాయండి. కైఫీయతు చెప్పించింది కరణమని మాత్రం మరవకండి, ఆయనకూ ఇనాం ఉంటుంది.

1802 తర్వాతి దాకా వెళ్తే మాటలు మారతాయి. పేష్కష్ (జమీందారు ఏటా సర్కారుకు కట్టాల్సిన మొత్తం) స్థిరపడింది, కనుక ఫిర్యాదు ఆయుధాల మీద నుంచి దుబారా, దావాల మీదకు మళ్ళుతుంది. వెంకటాద్రి నాయుడుగారు 1816లో పోయాక దత్తపుత్రులిద్దరి తగాదా లండనులోని ప్రివీ కౌన్సిలు దాకా వెళ్ళింది. నందన కరువు 1832–33లో జిల్లాను తుడిచిపెట్టాక బకాయిలు మరీ పేరుకున్నాయి. 1846లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ నివేదిక అదంతా పరిశీలించింది. అందులో జమీందార్ల మీద ఉన్న మాటలను వెనక్కి తెచ్చి 1788 మనుషులకు అంటగట్టకండి, వాళ్ళు తాతలు, వీళ్ళు మనవలు.

ముందు ఒక జమీందారును, మూడు ఫసలీలను మాత్రమే తీసుకుని పట్టీ వేసి ఇక్కడ పెట్టండమ్మా. అంకెలు నేను సరిచూస్తాను.