ఎత్తైనవారి కోసం కుట్టించిన టీషర్టులు: తక్కువ డబ్బుతో ఆన్‌లైన్ ప్రచారం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నిడివిచొక్కా

నమస్కారం. ఎత్తుగా, సన్నగా ఉండేవారి కోసం నిడివి పెంచిన కాటన్ టీషర్టులు కుట్టించి, ఇటీవలే సొంత వెబ్‌సైటులో అమ్మకానికి పెట్టాను. మామూలుగా దొరికే టీషర్టుల్లో ఛాతీకి సరిపడే సైజు తీసుకుంటే చేయి పైకెత్తగానే నడుము బయటపడుతుంది; నిడివి కోసం ఒక సైజు పెద్దది తీసుకుంటే భుజాలు జారిపోయి ఒంటిమీద వదులుగా వేలాడుతుంది. ఈ ఇబ్బంది పడేవారు చాలామందే ఉన్నారన్న నమ్మకంతో ఈ పనికి పూనుకున్నాను. ప్రస్తుతం ఒకటే డిజైను, మూడు రంగులు, నాలుగు సైజులు ఉన్నాయి.

చేతిలో ఉన్న డబ్బు చాలావరకు సరుకుకే అయిపోయింది కనుక ప్రచారానికి మిగిలింది స్వల్పమే. అందులో కొంత పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన నడిపితే సుమారు వంద మంది లింకు నొక్కి సైటుకు వచ్చారు గాని ఒక్క ఆర్డరూ రాలేదు. లోపం ప్రకటనలో ఉందా, ధరలో ఉందా, అసలు సరుకులోనే ఉందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మిగిలిన డబ్బు కూడా ప్రకటనలకే పెట్టాలా, లేక ఫిట్‌నెస్ వీడియోలు చేసే ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఇచ్చి చూడాలా? ప్రారంభ తగ్గింపు కింద సగం ధరకే ఇస్తే మొదటి కొనుగోలుదారులు దొరుకుతారని కొందరు అంటున్నారు. ఇంత తక్కువ పెట్టుబడితో బట్టలు అమ్మిన అనుభవం ఉన్నవారు ముందు ఏ పని చేయాలో, దేనిని పక్కన పెట్టాలో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: లెక్కలపద్దు

వంద మంది వచ్చి ఒక్కరూ కొనకపోవడాన్ని బట్టి సరుకు బాగాలేదని తీర్మానించకండి. సైటుకు వచ్చేవారిలో నిజంగా నూటికి ఇద్దరు కొనే పరిస్థితే ఉన్నా, వరుసగా వంద మంది ఏమీ కొనకుండా వెళ్లిపోయే అవకాశం దాదాపు 13 శాతం ఉంటుంది. నూటికి ఒక్కరే కొనేటట్లయితే ఆ అవకాశం 37 శాతానికి చేరుతుంది. అంటే ఈ ప్రకటన మీకు మంచి గాని చెడు గాని ఇంకా ఏమీ చెప్పలేదు. ఇలాంటి చిన్న లెక్కలను చూసి రోజుకొకసారి ధర మార్చడం, ప్రకటన మార్చడం వల్లనే కొత్తవారి డబ్బు ఎక్కువగా వృథా అవుతుందని నా అభిప్రాయం.

ముందుగా ఒక ఆర్డరుకు ప్రచారం కింద ఎంత ఖర్చు పెట్టగలరో కాగితం మీద వేసుకోండి. అమ్మకపు ధరను వంద అనుకుందాం. బట్ట, కుట్టుకూలి కలిపి 40, ప్యాకింగు, కొరియరు, పేమెంటు రుసుము కలిపి 15 పోతే మిగిలేది 45. చాలామంది లెక్క ఇక్కడే ఆపేసి, ఒక ఆర్డరు తెచ్చుకోవడానికి 40 ఖర్చయినా లాభమే కదా అనుకుంటారు. బట్టల వ్యాపారంలో వెనక్కి వచ్చే సరుకును మరచిపోకూడదు. పది ఆర్డర్లలో రెండు తిరిగి వచ్చాయనుకోండి: చేతికి వచ్చే సొమ్ము 800, అమ్ముడైన ఎనిమిదింటి తయారీ ఖర్చు 320, పదింటినీ పంపిన ఖర్చు 150, రెండింటిని వెనక్కి తెప్పించుకున్న ఖర్చు మరో 20. మిగిలింది 310, అంటే ఆర్డరుకు 31. అది కూడా తిరిగి వచ్చినవి మచ్చలేకుండా, మళ్లీ అమ్మడానికి పనికివస్తేనే.

ఇప్పుడు దీనిని క్లిక్కు ధరతో, అంటే ఒకరు ప్రకటన లింకు నొక్కినందుకు మీకు పడే ఖర్చుతో, పోల్చి చూడండి. నూటికి ఇద్దరు కొంటే ఒక ఆర్డరుకు యాభై క్లిక్కులు కావాలి. 31ని యాభైతో భాగిస్తే 0.62 వస్తుంది. మీ టీషర్టు ధరలో 0.62 శాతం కంటే క్లిక్కు ఖరీదు ఎక్కువైతే ప్రతి అమ్మకంలోనూ నష్టమే మిగులుతుంది. మీరు నడిపిన ప్రకటనలో క్లిక్కు ఎంత పడిందో మీ దగ్గర లెక్క ఉంటుంది కదా, ముందు అది చూసుకోండి.

ఇంకొక సంగతి. ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే మెటా సంస్థ ప్రకటనల వ్యవస్థ ఎవరికి చూపిస్తే పని జరుగుతుందో నేర్చుకునే దశను దాటాలంటే ఒక్కో యాడ్ సెట్‌కు (ఒకే రకం జనానికి చూపించే ప్రకటనల గుంపుకు) వారం రోజుల్లో సుమారు 50 ఫలితాలు అవసరమవుతాయి. మీరు కొనుగోలునే ఫలితంగా పెట్టుకుంటే వారానికి యాభై అమ్మకాలు కావాలి. అది ఇప్పట్లో జరిగే పని కాదు. అందువల్ల ఉన్న కాస్త డబ్బును వయసుకొకటి, రంగుకొకటి చొప్పున నాలుగైదు యాడ్ సెట్లుగా ముక్కలు చేయకుండా ఒక్కదానిలోనే పెట్టి, బుట్టలో వేసుకోవడాన్ని ఫలితంగా ఎంచుకోవడం మేలు. నన్నడిగితే అదీ ఇప్పుడు వద్దు, సైటు సిద్ధమయ్యాకే.

జవాబు: కత్తెరదారం

లెక్కలపద్దు గారు చివర సైటు సంగతి ఎత్తి వదిలేశారు కనుక అక్కడి నుంచి నేను అందుకుంటాను. నిడివిచొక్కా గారూ, మీ దగ్గరికి వచ్చే మనిషి ఇప్పటికే ఎన్నో టీషర్టులు కొని మోసపోయినవాడని గుర్తుంచుకోండి. "ఎత్తైనవారికి ప్రత్యేకం" అన్న మాటను అతడు నమ్మడు. అతడికి కావలసింది సెంటీమీటర్లు.

సైజుల పట్టికలో ఎం, ఎల్, ఎక్స్‌ఎల్ అని రాసి పక్కన ఛాతీ కొలత ఒక్కటే ఇవ్వడం చాలా సైట్లలో కనబడుతుంది. ఆ కొలత మనిషి ఒంటిదో, టీషర్టుదో కూడా చెప్పరు. మీరు టీషర్టు కొలతలే ఇవ్వండి, వాటిని ఎక్కడి నుంచి ఎక్కడికి తీశారో బొమ్మలో చూపండి: నిడివి అంటే భుజం కుట్టు మెడపట్టీని కలిసే చోటి నుంచి కింది అంచు వరకు, వెడల్పు అంటే బల్ల మీద పరిచి ఒక చంక నుంచి రెండో చంక వరకు. ఆ పక్కనే, "మీకు బాగా కుదిరిన టీషర్టును ఇలాగే పరిచి కొలిచి చూసుకోండి" అని ఒక వాక్యం చేర్చండి. తన ఒళ్లు కొలుచుకోవడానికి బద్ధకించేవాడు కూడా అల్మారాలోని చొక్కా తీసి కొలుస్తాడు.

ఇక అసలు విషయం ఉతుకు. మీ కొలతలు ఉతకక ముందువా, ఉతికిన తరువాతవా? హోజరీ కాటన్ మొదటి ఉతుకులో, ముఖ్యంగా నిడివిలో, కుంచించుకుంటుంది. 76 సెంటీమీటర్ల టీషర్టు 5 శాతం కుంచించుకుంటే దాదాపు 4 సెంటీమీటర్లు పోయినట్టే. మామూలు టీషర్టు కొన్నవాడు దీనిని గమనించకపోవచ్చు. మీ కొనుగోలుదారు మాత్రం ఆ నాలుగు సెంటీమీటర్ల కోసమే మీ దగ్గరికి వచ్చాడు; మీరు అదనంగా 8 సెంటీమీటర్లు ఇచ్చి ఉంటే అందులో సగం మొదటి వారంలోనే మాయమవుతుంది. కాబట్టి ఒక్కో రంగులోనూ ఒక టీషర్టును తీసి, ఇళ్లలో ఉతికినట్టే మూడుసార్లు ఉతికి, ఆరేసి, మళ్లీ కొలవండి. ఒకే బట్ట అయినా అద్దకాన్ని బట్టి రంగురంగుకూ తేడా రావచ్చు. ఆ తరువాత ఉతకకముందు కొలత, మూడు ఉతుకుల తరువాతి కొలత పక్కపక్కనే పట్టికలో వేయండి. బట్ట మందం జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో, ఇవ్వండి. 150 అంటే పలుచనదని, 240 అంటే బరువైనదని కొనేవారిలో చాలామందికి తెలుసు, తెలియనివారికి ఒక్క మాటలో చెప్పండి.

ఫొటోల విషయంలో స్టూడియో అక్కరలేదు. ఎండ నేరుగా పడని పెద్ద కిటికీ పక్కన మనిషిని నిలబెట్టి, నీడ పడే వైపు ఒక తెల్లటి అట్ట పెడితే చాలు. మోడల్ ఎత్తు, ఛాతీ, వేసుకున్న సైజు ఫొటో కిందే రాయాలి. అన్నిటికన్నా ముందు ఒక చిన్న వీడియో తీయండి: ఆరడుగులు దాటిన మనిషి మామూలు టీషర్టు వేసుకుని పై అరలో ఉన్న డబ్బా అందుకుంటాడు, కింది అంచు నాభి దాటి పైకి పోతుంది, అదే మనిషి మీ టీషర్టుతో అదే డబ్బా అందుకుంటాడు, అంచు ప్యాంటు నడుముపట్టీ మీదనే నిలుస్తుంది. సంగీతం, వెనుకనుంచి మాటలు ఏవీ వద్దు. మీరు చెప్పవలసినదంతా అందులోనే ఉంది, రేపు ప్రకటన వేసినా అదే వేయాలి.

డబ్బు ఖర్చు లేని పని ఒకటి ఉంది, దానిని వెంటనే చేయండి. గూగుల్ మర్చంట్ సెంటర్‌లో సరుకు వివరాలు పెడితే షాపింగ్ విభాగంలో ఉచితంగా చూపించే ఏర్పాటు 2020 నుంచి ఉంది, ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. రంగు, సైజు, వయసు వర్గం, స్త్రీ పురుష భేదం అన్నీ నింపాలి. వాటితోపాటు సైజు రకం అనే గడి ఉంటుంది. అందులో 'టాల్' అన్న విలువ ప్రత్యేకంగా ఉంది. మీ వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది గనుక దానిని ఖాళీగా వదలకండి. సరుకు పేరు కూడా వెతికేవారి మాటల్లోనే ఉండాలి. సైటులో మీరు ముద్దుగా ఏ పేరైనా పెట్టుకోవచ్చు గాని, "పొడవైన వారికి కాటన్ టీషర్టు, నలుపు" అని వెతికే మనిషికి ఆ ముద్దుపేరు తెలియదు.

జవాబు: మూడోవరుస

పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక్క విషయంలో విభేదిస్తాను. పేజీ పూర్తిగా సిద్ధమయ్యేవరకు ప్రచారం ఆపాలనడం సరికాదు, ఎందుకంటే పేజీలో ఏం రాయాలో చెప్పేది కొనేవారే. టీషర్టులు వేసుకున్న నలుగురైదుగురు పొడగరులతో మాట్లాడితే, మనం ఊహించని మాట ఒకటి వారి నోటి నుంచి వస్తుంది. అదే రేపు ప్రకటనకు తలకట్టు అవుతుంది.

ఇన్‌ఫ్లుయెన్సర్ల గురించి అడిగారు. బట్టల రంగంలో అందరూ చెప్పే ఉదాహరణ వ్యాయామ దుస్తులు అమ్మే జిమ్‌షార్క్. బెన్ ఫ్రాన్సిస్ 2012లో బ్రిటన్‌లో దానిని మొదలుపెట్టి, యూట్యూబ్‌లో వ్యాయామ వీడియోలు చేసేవారికి తన బట్టలు పంపి పేరు తెచ్చుకున్నాడు. అయితే అప్పటికి అలా పంపేవారే అరుదు. ఈనాడు పేరున్న ప్రతివారి ఇంటికీ పార్సిళ్లు వస్తూనే ఉంటాయి. అందువల్ల పెద్ద పేర్ల వెంట పడి రుసుము చెల్లించవద్దు. వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడుతూ, తమ ఆట వీడియోలు పెట్టుకునే పొడగరులు ఉంటారు. చూసేవారు కొద్దిమందే అయినా, ఆ చూసేవారిలో పొడవైనవారి పాలు ఎక్కువ. వారి కొలతలు అడిగి తెలుసుకుని సరైన సైజు పంపండి. ఏం మాట్లాడాలో రాసి ఇవ్వకండి, కాని వారి వీడియోను మీ పేజీలో వాడుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఉచితంగా అందిన సరుకే అయినా ఆ సంగతి వీడియోలో చెప్పడం చాలా దేశాల్లో నియమం. ముందుగానే చెప్పి పంపితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

జిమ్‌షార్క్ కన్నా మీకు పనికివచ్చే ఉదాహరణ థ్రెడ్‌లెస్ అనుకుంటాను. 2000లో మొదలైన ఆ సంస్థ డిజైన్లను ముందు జనం ముందుంచి, ఓట్లు ఎక్కువ వచ్చినవాటినే టీషర్టులుగా అచ్చువేసి అమ్మింది. మీ రెండో విడతకు ఏ రంగు, ఎంత నిడివి అన్నది మొదటి కొనుగోలుదారులనే అడగండి. అడిగించుకున్నవారు ఆ టీషర్టు వచ్చాక కొనడమే కాక, మరో పొడగరికి చెబుతారు కూడా.

ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలుసుకోవడానికి ఆటగాళ్లలో ఒక్కొక్కరికీ వేరే కూపన్ కోడ్ ఇవ్వండి. ఆర్డరు పూర్తయ్యాక "మా గురించి మీకు ఎలా తెలిసింది" అని ఒక్క ప్రశ్న అడగండి. ఆపిల్ 2021లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5 నుంచి, మనిషి ఇతర యాప్‌లలో, సైట్లలో ఏం చేస్తున్నాడో యాప్‌లు గమనించాలంటే అతడి అనుమతి అడగాలన్న నియమం పెట్టాక, ప్రకటనల డాష్‌బోర్డులో కనిపించే అంకెలలో లోటు ఉంటూనే ఉంది. చిన్న వ్యాపారానికి కొనుగోలుదారు చెప్పిన మాటే ఎక్కువ నమ్మదగినది.

ప్రశ్నించినవారి స్పందన: నిడివిచొక్కా

అందరికీ ధన్యవాదాలు. పట్టికలో ఇచ్చినవి ఉతకకముందు కొలతలే. మూడు రంగులనూ ఉతికి మళ్లీ కొలిచి పట్టిక మార్చిన తరువాతే ప్రకటన మళ్లీ మొదలుపెడతాను. నల్లరంగు ఎక్కువ కుంచించుకుంటే దానిని ఒక సైజు కిందికి దించి రాయడం సబబేనా? అలాగే సగం ధర తగ్గింపు గురించి ఎవరూ చెప్పలేదు.

జవాబు: కత్తెరదారం

సైజు పేరు మార్చకండి, నల్లరంగుకు విడిగా ఒక పట్టిక ఇవ్వండి. సైజు చీటీ మీద ఒకటి, సైటులో ఒకటి ఉంటే పంపినవన్నీ తిరిగి వస్తాయి.

జవాబు: లెక్కలపద్దు

తగ్గింపు లెక్క పైన వేసినదానిలోనే ఉంది. ధర వంద అయినప్పుడు తయారీకి, పంపడానికి కలిపి 55 అవుతున్నాయి. యాభైకి అమ్మితే ప్రచార ఖర్చు కలపకముందే ఆర్డరుకు ఐదు నష్టం. పైగా సగం ధరకు కొన్నవాడికి రేపు పూర్తి ధర చెబితే ఎక్కువ అనిపిస్తుంది. మీ కొనుగోలుదారుకు ఉన్న భయం ధర గురించి కాదు, సైజు గురించి. అందువల్ల సైజు కుదరకపోతే మొదటి మార్పిడి ఖర్చు మీరే భరిస్తామని చెప్పండి. రానూ పోనూ కొరియరుకు 20 అనుకుని, ఐదుగురిలో ఒకరు మార్చుకున్నా ఆర్డరుకు సగటున నాలుగే పడుతుంది. ఆ మాటను షరతుల పేజీలో దాచకుండా, సైజు ఎంచుకునే బటను కిందే రాయండి.

ఇలా చెప్పేముందు ప్రతి సైజులోనూ కొన్నింటిని మార్పిడి కోసం విడిగా తీసి పెట్టుకోవాలి. అడిగిన సైజు అప్పటికే నిండుకుంటే డబ్బు వెనక్కి ఇవ్వక తప్పదు, అప్పుడు రెండు వైపులా కొరియరు ఖర్చు మీకే మిగులుతుంది.