మనీలా ఆఫీసులో అందరూ "యెస్ సార్" అంటున్నారు, పని మాత్రం కదలడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ప్రశ్న (కొత్తగా మకాటీ)

అందరికీ నమస్తే. హైదరాబాద్ ఆఫీసు నుంచి ప్రాజెక్టు పని మీద ఫిలిప్పీన్స్‌లో మనీలా పక్కనున్న మకాటీ వచ్చి మూడు వారాలైంది, ఇంకో నాలుగు నెలలు ఉండాలి. ఇక్కడి టీమ్‌లో తొమ్మిది మంది, అందరూ ఫిలిపినోలే. మొదటి రోజు నుంచి చాలా బాగా చూసుకున్నారు. పొద్దున్నే రాగానే తిన్నారా సార్ అని అడగడం, మధ్యాహ్నం మూడింటికి మెరియెండా (చిరుతిండి) అంటూ ఎవరో ఒకరు తెచ్చింది అందరూ పంచుకోవడం, నన్ను కూడా పిలవడం. ఇంటికి దూరంగా ఉన్నట్టే అనిపించలేదు.

సమస్య పోయిన మంగళవారం మొదలైంది. ఒక రిపోర్టు శుక్రవారానికి అవుతుందా అని ముందే అడిగితే టీమ్‌లో ఒకమ్మాయి "యెస్ సార్" అంది. సోమవారం దాటినా రాలేదు. మంగళవారం మీటింగ్‌లో, క్లయింట్ వాళ్లు కూడా లైన్‌లో ఉన్నారు, అవ్వదని ముందే చెప్పొచ్చు కదా అని కాస్త గట్టిగానే అడిగాను. తిట్టలేదు, మన ఆఫీసుల్లో రోజూ వినే మాటే. ఆ అమ్మాయి నవ్వింది. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండి, ఇందులో నవ్వడానికేముంది అని కూడా అనేశాను. తర్వాత గదిలో ఎవరూ నోరు విప్పలేదు. అప్పటి నుంచి మర్యాదకి లోటు లేదు కానీ, మూడింటికి నన్ను ఎవరూ పిలవడం లేదు. నేను తప్పు చేశానని తెలుస్తోంది, అది ఎంత పెద్దదో, ఎలా సరిదిద్దుకోవాలో తెలియడం లేదు. నిద్ర కూడా సరిగా పట్టడం లేదు.

రెండోది తిండి. నేను శాకాహారిని. కూరగాయల వంటకం అని చూసి తెచ్చుకుంటే అందులో సన్నగా తరిగిన పంది మాంసం ముక్కలు. మూడు వారాలుగా బ్రెడ్డు, అరటిపళ్లు, మామిడిపళ్లతోనే నెట్టుకొస్తున్నాను.

జవాబు (ఆర్తిగాస్, ఆరేళ్లుగా)

బ్రదర్, ముందు ఆ నవ్వు సంగతి. అది మిమ్మల్ని లెక్క చేయని నవ్వు కాదు. ఇక్కడ బాగా ఇబ్బంది పడ్డప్పుడు, ఏం చెప్పాలో తోచనప్పుడు కూడా నవ్వుతారు. మీరు దాన్ని కూడా పట్టుకుని అడిగారు కాబట్టి దెబ్బ రెండుసార్లు తగిలింది.

హియా అనే మాట ఉంది వీళ్లకి. నలుగురిలో తల కొట్టేసినట్టయింది అంటాం చూడండి, దాదాపు అదే. మనకీ ఆ బాధ తెలుసు, కానీ మన ఆఫీసుల్లో బాస్ నాలుగు మాటలు అనడం మామూలైపోయి సాయంత్రం టీ దగ్గర మర్చిపోతాం. వీళ్లు మర్చిపోరు. మాటకు మాట అనరు, గొడవ పెట్టుకోరు, నెమ్మదిగా పక్కకి జరుగుతారు. నేను వచ్చిన మొదటి ఏడాది ఒక కుర్రాణ్ని ఇలాగే అందరి ముందూ తప్పు పట్టాను. సారీ సార్ అన్నాడు. రెండు వారాలకు రాజీనామా మెయిల్ వచ్చింది, కారణం "పర్సనల్" అని. అసలు కారణం నాకు తెలియడానికి ఇంకో మూడు నెలలు పట్టింది, అదీ అతని స్నేహితుడు చెబితే. ఆ కుర్రాడు చాలా మంచి పనివాడు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక "యెస్". మాట చివర పో అని తగిలిస్తారు, వినే ఉంటారు, అది మన "అండి" లాంటిది. ఓపో అంటే అవునండి. పెద్దవాళ్ల మొహం మీద కాదు అనడం వీళ్లకి కష్టం కాబట్టి ఆ "అవునండి" చాలాసార్లు "మీరు చెప్పింది విన్నానండి" మాత్రమే. "ట్రై చేస్తాను సార్" అన్నారంటే అవ్వదనే అనుకుని పక్క ఏర్పాటు చూసుకోండి. ఏమీ అనకుండా కనుబొమలు ఒక్కసారి పైకెత్తి వదిలేశారంటే మాత్రం అది అవునే. అందుకని "శుక్రవారానికి అవుతుందా" అని అడక్కండి. ఇది ఎక్కడ ఆగేలా ఉంది, ఎవరి దగ్గర నుంచి ఏం రావాలి అని అడగండి, అదీ విడిగా, వాళ్లు కూర్చున్న చోటికే వెళ్లి. అప్పుడు మొత్తం చెప్తారు.

సారీ కూడా విడిగానే చెప్పండి. మీటింగ్‌లో చెబితే మళ్లీ అందరి కళ్లూ ఆ అమ్మాయి మీదే పడతాయి. పిలుపు కోసం ఎదురు చూడకండి, రేపు మూడింటికి మీరే పక్క బేకరీ నుంచి ఒక పెట్టె నిండా ఏదైనా తెచ్చి టేబుల్ మీద పెట్టి "కాయిన్ తాయో" అనండి. తిందాం రండి అని అర్థం. ఆ మాట అన్నాక మొహం తిప్పుకునేవాళ్లు ఈ దేశంలో నాకు ఇంతవరకు కనపడలేదు.

జవాబు (వంటింటి నుంచి)

తిండి గురించి నేను చెప్తానండీ, మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్లు మకాటీలోని లెగాస్పి విలేజ్‌లోనే ఉన్నాం.

ఇక్కడ గులాయ్ అంటే కూరగాయలు. కానీ గులాయ్ వంటకం అంటే మాంసం లేనిది అని కాదు, కూరగాయలు ఎక్కువగా ఉన్నది అని. పినక్‌బెత్ చూడటానికి అచ్చం మన కలగూరే, వంకాయ, బెండకాయ, కాకర, గుమ్మడి అన్నీ ఉంటాయి, కానీ రుచి కోసం బగోఓంగ్ వేస్తారు, అది ఊరబెట్టిన రొయ్యల ముద్ద. నేను శాకాహారిని అంటే సరిపోదు, ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాలి. వలాంగ్ కార్నె అంటే మాంసం లేకుండా, వలాంగ్ ఇస్దా చేప లేకుండా, వలాంగ్ బగోఓంగ్, వలాంగ్ పాతిస్. పాతిస్ అంటే ఊరబెట్టిన చేపల రసం, కూరలో కలిపితే కనిపించదు, జాగ్రత్త. ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. వాళ్లు "హిందీ పో" అంటే భాష గురించి కాదండీ, హిందీ అంటే వీళ్ల భాషలో కాదు అని.

అసలు మాట ఏమిటంటే వండుకోండి. మీ ఫ్లాట్‌లో స్టవ్ లేకపోయినా ఒక రైస్ కుక్కర్ కొనుక్కుంటే చాలు. ఆదివారం లెగాస్పి విలేజ్‌లో, శనివారం సల్సేదోలో సంత జరుగుతుంది, ఒకసారి వెళ్లండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మలుంగాయ్ అని ఒక కట్ట చేతిలో పెడితే వాసన చూసి అక్కడే నిలబడిపోయాను. మునగాకు! మన దగ్గర పెరటి చెట్టుది, అమ్మ దూసి చేటలో పోసేది, అదే ఆకు. ఉపో అంటే సొరకాయ, పతోలా బీరకాయ, అంపలాయా కాకరకాయ, సితావ్ పొడవాటి అలసంద కాయలు, కాంగ్‌కోంగ్ తూటికూర. చింతపండుని సంపలోక్ అంటారు, వీళ్ల సినిగాంగ్ అనే పులుసుకి పులుపు ఎక్కువగా దానిదే. పెసలని మొంగ్గో అంటారు. ఇన్ని దొరికే ఊళ్లో బ్రెడ్డు తిని ఉండటం చూస్తుంటే నా మనసు ఒప్పడం లేదు.

పప్పులు, పోపు దినుసులు కావాలంటే మనీలాలో పాకో వైపు వెళ్లండి. మహాత్మా గాంధీ వీధిలో హిందూ గుడి ఉంది, గురుద్వారా కూడా ఆ దగ్గర్లోనే. భారతీయ సరుకుల కొట్లు అటువైపే. బాత్రూమ్ గురించి ఎవరూ అడగరు కానీ అదీ చెప్పేస్తాను, తాబో అని అడగండి, మన మగ్గే, ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతుంది.

జవాబు (సెబూలో పనిచేశాను)

పైన ఆర్తిగాస్ అన్న చెప్పినదాంతో ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. అన్నీ విడిగా, మెత్తగా అనుకుంటూ పోతే క్లయింట్ తేదీ ఆగదు. నేను మూడేళ్లు చేసిన పద్ధతి ఇది: మాట్లాడటం విడిగా, కానీ మాట్లాడిన పదినిమిషాల్లో రెండు లైన్లు రాసి పంపడం. ఏమైనా తేడా ఉంటే దిద్దండి అని చివర రాస్తాను. ఎదురుగా కాదు అనలేనివాళ్లు రాతలో చక్కగా దిద్దుతారు, "సార్, శుక్రవారం కాదు, బుధవారం అయితే వీలవుతుంది" అని. అలా రాసినందుకు థాంక్స్ చెప్పాలి, అది ముఖ్యం. ఒక్కసారి విసుక్కుంటే మళ్లీ రాయరు.

సెబూ పనిమీద వెళ్తే అక్కడ ఈ పో, ఓపో ఆశించకండి. వాళ్ల బిసాయా భాషలో ఆ అలవాటు లేదు, అమర్యాద అనుకుని నేను కొన్నాళ్లు నొచ్చుకున్నాను.

గొంతు విషయం కూడా గమనించుకోండి. మనం మామూలుగా మాట్లాడేదే వీళ్లకి పోట్లాటలా వినిపిస్తుంది. సెక్యూరిటీ గార్డుని, డ్రైవర్‌ని కుయా అనండి, అన్న అని అర్థం, ఆడవాళ్లని ఆతే, అక్క. మన వరసలే కదా, మనకి ఇది తెల్లవాళ్లకంటే సులువు. ముఖాన్ని ముఖా అనే అంటారు, టీచర్ని గురో అంటారు. బుంబాయ్ అని ఎవరైనా అంటే మనవాళ్లని అనే పాత పేరు అది. ఇంటింటికీ తిరిగి అప్పులిచ్చే పంజాబీల వల్ల, ఐదు తీసుకుంటే ఆరు కట్టే ఫైవ్-సిక్స్ అప్పు కూడా ఆ పేరుతోనే గుర్తు. అన్నిసార్లూ తిట్టు కాదు.

వీలైతే ఒక్కరోజు జీప్నీ ఎక్కండి, ఇక్కడి చిన్న బస్సు అది. వెనక కూర్చుంటే మీ డబ్బు పక్కవాళ్ల చేతిలో పెట్టి "బాయద్ పో" అంటే చాలు, చెయ్యీ చెయ్యీ మారుకుంటూ డ్రైవర్ దాకా వెళ్తుంది, చిల్లర మళ్లీ అన్ని చేతులూ దాటి మీ దగ్గరికి వస్తుంది. ఎవరూ ఎవరికీ తెలియదు. మీ టీమ్‌ని అర్థం చేసుకోవడానికి మీకు అదే ఎక్కువ సాయపడుతుందని నాకనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

పది రోజులు అయింది, చెప్పాలనిపించి వచ్చాను. ఆ మర్నాడే ఆ అమ్మాయి పాంట్రీలో ఒక్కతే ఉన్నప్పుడు సారీ చెప్పాను, అందరి ముందూ అలా అనడం నా తప్పు అన్నాను. "ఓకే లాంగ్ పో, సార్" అంది, ఫర్వాలేదండి అని. కాసేపు కప్పు కడుగుతూ నిలబడి, అప్పుడు చెప్పింది. రిపోర్టుకి కావాల్సిన లెక్కలు వేరే టీమ్ నుంచి రావాలట, పది రోజులుగా అడుగుతోందట, ఆ టీమ్ లీడర్ తనకంటే పెద్దావిడ కాబట్టి ఆవిడ పేరు నాకు చెప్పలేకపోయిందట. నేను ఫోన్ చేస్తే గంటలో వచ్చాయి. నేను అడగాల్సిన ప్రశ్న అడగనందుకు ఆ పిల్ల అన్ని మాటలు పడింది.

మూడింటికి బ్రెడ్డు తెచ్చి కాయిన్ తాయో అన్నాను. అందరూ వచ్చారు.

నిన్న శుక్రవారం ఆ అమ్మాయి ఒక డబ్బా తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. మొంగ్గో. ఇంట్లో వాళ్లమ్మ మాంసం, ఎండు చేప వేయకుండా నాకోసం విడిగా వండిందట. పెసలు, మునగాకు, వెల్లుల్లి. పోపు ఒక్కటే తక్కువ. పొయ్యి మీద నుంచి దించినప్పుడు మా ఇంట్లో ఎలా ఉంటుందో అలాగే ఉంది, మూత తీయగానే కళ్లల్లో నీళ్లొచ్చాయి.

డబ్బా కడిగి పెట్టాను. మనం గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వం కదా, అందులో ఏం పెట్టివ్వమంటారు?

జవాబు (వంటింటి నుంచి)

కొబ్బరి ఇక్కడ బోలెడు దొరుకుతుందండీ, బెల్లం కూడా. కొబ్బరి లౌజు చేసి నింపండి. డబ్బాలో పెట్టింది వాళ్లమ్మగారికి అని చెప్పివ్వండి, ఆఫీసు వాళ్లకి వేరే పళ్లెంలో పెట్టండి, లేకపోతే ఆ అమ్మాయి ఇంటికి తీసుకెళ్లకుండా మూడింటికే అందరికీ పంచేస్తుంది.